నోరు పైకి పెట్టిన గుల్లలు

నా ఉద్యోగమంతా బురదలోనే గడిచింది. పెళ్ళిమాటలప్పుడు మా మామగారితో కూడా నా పని బురదలోనండి అన్నాను. ఆయన కాస్త కంగారుపడి "ఇరిగేషనా అండి?" అని అడిగారు. కాదండి, సముద్రం అడుగున ఉండే బురద అన్నాను. ఆయన ఇంకా కంగారుపడ్డారు. అయినా పిల్లనిచ్చారు, అది ఆయన మంచితనం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు యంత్రమే లెక్క కట్టి, తెర మీద గీతలు గీసి పెడుతుంది. మాకున్న యంత్రమల్లా రెండు కళ్ళు, ఒక మైక్రోస్కోపు, దానికింద ఒక చిన్న అద్దం. ఆ అద్దంలో ఎండ పడితే పని, మబ్బు పడితే సెలవు. అందుకే ఆ రోజుల్లో ఒకసారి ఏమైందో చెప్పాలనిపించింది. నీతి చెప్పడానికి కాదులెండి. నీతులు చెప్పే వయసు వచ్చింది గాని, వినేవాళ్ళు దొరకడం లేదు.

తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. సముద్రంలో కంటికి ఆనని జీవులు కొన్ని ఉంటాయి. అవి ఒంటిచుట్టూ సున్నపు గుల్ల కట్టుకుంటాయి. చచ్చిపోయాక ఆ గుల్ల మెల్లగా అడుక్కి దిగి బురదలో కలిసిపోతుంది. దాని మీద ఇంకో పొర, ఆ పైన మరోటి. లోతుకి వెళ్ళేకొద్దీ పాతకాలం. మేం ఏరే గుల్ల గసగసాల గింజకన్నా చిన్నది, నత్తలాగా చుట్టు తిరిగి ఉంటుంది. వీపు వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండో వైపు నోరు ఉంటుంది. నీళ్ళు చల్లబడిన కాలంలో ఈ జాతి గుల్లలు ఎక్కువగా ఎడమకి, వెచ్చబడిన కాలంలో ఎక్కువగా కుడికి చుట్టు తిరుగుతాయని అప్పటి పెద్దల మాట. ఏ పొరలో ఎడమవెన్ని, కుడివెన్ని అని లెక్కపెడితే, వేల ఏళ్ళ కిందట మన సముద్రం ఎలా ఉండేదో చెప్పొచ్చు. ఇదంత తేలికైన సంగతి కాదని ఇప్పుడు మీరంటారు. నిజమే. అప్పట్లో మాకు అంతవరకే తెలుసు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. బాపట్లలో స్టేషనుకి దగ్గరగా ఒక పెంకుటింట్లో మా ప్రాజెక్టు నడిచేది. మనుషులం ముగ్గురమే. ఒకరు మా సారు. చదువు కొండంత, కోపం అంతకన్నా కాస్త ఎక్కువ. తిట్టిన పావుగంటకి తనే టీ తెప్పించి ఇచ్చేవారు, అది క్షమాపణ అని మేం అర్థం చేసుకోవాలి. రెండోవాణ్ణి నేను. మాది చెరుకుపల్లి దగ్గర పల్లె, నాన్న మిషను బడిలో మాస్టారు. తెనాలిలో అక్కా బావల దగ్గర ఉంటూ రోజూ పాసింజరు బండిలో బాపట్ల వచ్చిపోయేవాణ్ణి. మూడో మనిషి బాపట్లలోనే ఒక అర్చకులవారి అమ్మాయి. జువాలజీ డిగ్రీ చేసి, మా దగ్గర చేరింది.

మేమిద్దరం టెంపరరీలమే. పై నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి మా పని చూస్తారనీ, వాళ్ళకి నచ్చితే ప్రాజెక్టు నిలబడుతుందనీ, ఒక పోస్టు పర్మనెంటు అవుతుందనీ సారు మొదట్లోనే చెప్పారు. ఒక్కటే పోస్టు. అది ఎవరికన్న మాట ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు. అది నాకెంత కావాలో ఆమెకి అంతకన్నా ఎక్కువ కావాలి. పోస్టు రాకపోతే మేనత్తగారి ఊళ్ళో ఉంచి టీచరు ట్రైనింగు చేయించాలని వాళ్ళింట్లో అనుకుంటున్నారు. పంతులు ఉద్యోగం తక్కువదని అనను, మా ఇంట్లో అన్నం పెట్టింది అదే. కానీ ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు చూడాలి. కుంచె కొస నాలుకతో తడిపి గుల్లని ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టేది. గుల్ల అట్ట మీద చేరాక గాని వదిలేది కాదు. కడుపు నిండినవాళ్ళ ముఖంలో ఉండే నెమ్మది ఆ ముఖంలో ఉండేది. ఆ పని మాన్పించి ఇంకెక్కడో కూర్చోబెడితే పాపమే అవుతుందని నాకే అనిపించేది, అదే పోస్టు కోసం ఎదురుచూస్తున్న నాకే.

సారు ఓడలో వెళ్ళి నిజాంపట్నానికి ఎదురుగా లోతు నీళ్ళలోంచి ఒక పొడుగాటి గొట్టం నిండా బురద తీయించారు. పడవలో ఒడ్డుకి చేర్చి, అక్కణ్ణించి బండి మీద రేపల్లె స్టేషనుకి తెచ్చాం. గొట్టం ఆ పొడుగున బ్రేకువానులో పట్టదన్నారు. స్టేషను బయటే రంపం తెప్పించి సారు దాన్ని మధ్యకి కోయించారు. పార్సిలు గుమాస్తా వచ్చి చూశాడు.

"ఏంటండి ఇందులో?"

"బురదండి."

"ఎక్కడికి?"

"బాపట్లకండి. తెనాలిలో బండి మారాలి."

"బాపట్లలో బురద లేదా అండి?" అన్నాడు, నిజంగా జాలిపడుతూ.

ఆ మాట సారు చెవిన పడకుండా నేను ముందుకి నడిచాను. పై ముక్క నాకు, అడుగు ముక్క ఆమెకి పంచారు. ఎవరి ముక్కని వాళ్ళం పొరలుగా కోసి, సన్న జల్లెట్లో కడిగి, ఎండబెట్టి, గుల్లల్ని ఏరి, తుమ్మజిగురుతో నల్ల అట్టల మీద గళ్ళలో అంటించి లెక్కపెట్టాలి. నాకు అంటించడం సారు పక్కన కూర్చుని నేర్పారు. ఆమె చేరేనాటికి ఆయన ఓడ హడావిడిలో ఉన్నారు. "చుట్టు కనబడేలా అంటించమ్మా" అని ఒక్క ముక్క చెప్పి బయల్దేరారు.

నెలలు గడిచాయి. లెక్కలు పూర్తి కావచ్చాయి. సారు పెద్ద గళ్ళ కాగితం గోడకి కొట్టి గీత గీశారు. అడుగు నుంచి పైకి చదవాలి. పాతకాలంలో సముద్రం వెచ్చగా ఉంది. కొంత మెల్లగా తగ్గింది. ఉన్నట్టుండి, గొట్టానికి సగంలో, గండి పడ్డట్టు ఒక్కసారి చల్లబడింది. ఆ తర్వాత నెమ్మదిగా వేడెక్కుతూ ఇప్పటి సముద్రం దాకా వచ్చింది. సారు ఆ గండి ముందు నిలబడి చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయేవారు. ఇంత చప్పున బంగాళాఖాతం చల్లబడిందని ఎవరూ చెప్పలేదట. ఆ రోజుల్లో మేం తిట్లు తినలేదు, టీలు మాత్రం తాగాం. ఆయన పెద్దలకి ఉత్తరం రాశారు. పెద్దలు తొందరగా వస్తామని జవాబు రాశారు.

ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఆ గండి సరిగ్గా రంపం పడిన చోటే ఉంది. కింద ఆమె బల్ల, పైన నా బల్ల, మధ్యలో గండి. గోడ మీద అంత పెద్దగా కనబడుతున్నా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. సంతోషంలో ఉన్న మనిషి కళ్ళెదురుగా ఏనుగు పోయినా చూడడు.

అప్పుడే ఊళ్ళో కళ్ళకలకలు వచ్చాయి. నాకూ తగులుకున్నాయి. కళ్ళు పుసులు కట్టి తెనాలిలో అక్కా వాళ్ళింట్లో పడుకున్నాను. నా అట్టల్లో కొన్ని లెక్కపెట్టడం మిగిలిపోతే సారు వాటిని ఆమెకి ఇచ్చారు. కళ్ళు కాస్త తెరిపిన పడ్డాక, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నేను బాపట్లలో దిగాను. గదిలోకి వచ్చేసరికి ఆమె నా అట్ట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ముఖం చూస్తే నేనేదో అపచారం చేసినట్టుంది.

"మీరు అన్నీ బోర్లా పెట్టారేంటండి?" అంది.

"బోర్లా ఏంటండి?"

"నోరు కిందికి అంటించారు. ఒక్కటంటే ఒక్కటి పైకి లేదు."

"వీపు పైకి ఉండాలి కదండి. సారు అలాగే నేర్పారు."

"శంఖాన్ని నోరు నేలకి పెట్టి బోర్లిస్తారా అండి ఎవరైనా?"

మా ఇంట్లో శంఖం లేదు. హార్మోనియం ఉంది, దానికి నోరు ఎటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్ళింట్లో శంఖాన్ని పీట మీద ఎప్పుడూ నోరు పైకే పెడతారట, బోర్లా పెట్టకూడదట. పాకే వయసు నుంచి చూసిన పద్ధతి. ఇన్ని నెలలూ ఆ గుల్లల్ని ఆమె ఆలోచించి అలా పెట్టలేదు. ఆమె చెయ్యే పెట్టింది.

"నోరు పైకి పెట్టినా చుట్టు కనబడుతుందిగా అండి" అంది, కొంచెం తగ్గి.

"కనబడుతుందండి" అన్నాను.

అన్నాక ఇద్దరం ఆగిపోయాం. కనబడుతుంది, కానీ తిరగబడి కనబడుతుంది. వీపు నుంచి చూస్తే ఎడమ చుట్టు అయినది నోటి వైపు నుంచి చూస్తే కుడి చుట్టు. ఆమె లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి బొమ్మలున్న పేజీ తీసింది. లెక్కకి వీపు వైపే చూడాలని బొమ్మ కింద రాసే ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత గోడ మీది గీత వైపు చూసింది. గొట్టం అడుగు సగం మొత్తం, చల్లటి సముద్రం మొత్తం, ఆమె చేతిలో వెచ్చటి సముద్రం అయిపోయింది.

ఏం దాచుకోవాలి, ఆ నిమిషంలో పోస్టు నా కళ్ళ ముందు మెరిసింది. కళ్ళకలక ఉన్నా స్పష్టంగానే కనబడింది. ఆ వెంటనే ఆమె ముఖం చూశాను. రక్తం లేదు. 

"నేను చెబుతాను సారుకి" అంది.

"ఇద్దరం చెబుదామండి."

"వద్దండి. మీరు వస్తే మీరు పట్టుకున్నారనుకుంటారు. పట్టుకున్నది నేనే కదా."

అంత దుఃఖంలోనూ ఆ లెక్క మాత్రం తప్పలేదు ఆమెకి. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

సారు విన్నారు. మేం తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాం. తిట్టలేదు, దానికే భయం వేసింది. వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నారు. పెద్దలు రావడానికి వారం కూడా లేదు. చివరికి లోపలికి వచ్చి, "అడుగు సగానికి ఎడమని కుడి, కుడిని ఎడమ అని రాసేస్తే సరిపోతుందిగా" అన్నారు.

"సరిపోదు సార్" అంది ఆమె. "మొదట్లో ఒకటో రెండో అట్టలు పుస్తకంలో బొమ్మ చూసి పెట్టానేమో, గుర్తులేదు. అన్నీ తిప్పి మళ్ళీ లెక్కపెట్టాలి."

"అన్నీనా?"

"అన్నీ సార్."

ఉద్యోగం ఊడబోతోందని తెలిసిన మనిషి పని పెంచుకుని అడుగుతోంది. సారు చొక్కా చేతులు మడిచి మూడో బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన కుంచె పట్టి ఎన్నేళ్ళయిందో. మొదటి గుల్ల ఎగిరి ఎక్కడో పడింది. రెండోది మీసానికి అంటుకుంది. మేం చూడనట్టు ఊరుకున్నాం.

జిగురు నీటితో నానబెట్టి, ఒక్కో గుల్లని కదిలించి, వీపు పైకి తిప్పి, మళ్ళీ అంటించాలి. ఆమె తిప్పినవి నేను లెక్కపెట్టాలి, నేను తిప్పినవి ఆమె. ఎవరి లెక్క వాళ్ళు ఒప్పుకోకూడదని ఆమే పెట్టిన షరతు. పైగా మబ్బులు. కాస్త ఎండ రాగానే "వచ్చింది, వచ్చింది" అని ముగ్గురం బల్లల మీదికి వంగేవాళ్ళం. పోగానే కిటికీ దగ్గర నిలబడి ఆకాశాన్ని తిట్టేవాళ్ళం. ఆ తిట్లలో సారుదే పై చేయి.

మొదటి రోజు ఆమె కుంచె కాస్త తడబడింది. నేను గమనించానని తెలిసి, మర్నాడు తనే చెప్పింది.

"నాన్నగార్ని అడిగానండి, ఇలా బోర్లించడం తప్పా అని."

"ఏమన్నారండి?"

"'సముద్రం అడుగున వాటిని ఎవరు సరిగ్గా పెట్టారమ్మా' అన్నారు."

ఆ తర్వాత ఆ చెయ్యి మళ్ళీ తడబడలేదు.

కొత్త గీత గీసినప్పుడు గండి లేదు. చల్లటి సముద్రం, మెల్లమెల్లగా, అడుగు నుంచి పైదాకా వేడెక్కుతూ వచ్చింది. రంపం పడిన చోట రెండు ముక్కలూ కలిసిపోయాయి, ఎక్కడ కోశామో చూపించలేనంతగా. నాకు చాలా అందంగా కనిపించింది. సారుకి మాత్రం చెట్టంత కొడుకు ఇల్లొదిలి పోయినట్టుంది. పాత కాగితం ఆయన చింపలేదు. చుట్టి బీరువా మీద పెట్టారు.

పెద్దలు వచ్చారు. ఇద్దరు ఉత్తరాదివాళ్ళు, మూడో ఆయన మన తెలుగాయనే, అందరికన్నా పెద్దాయన. గోడ మీద గీత చూసి ఆయన భృకుటి ముడిచారు.

"ఉత్తరంలో ఒక్కసారి చల్లబడిందని రాశారు. అదెక్కడ?"

సారు "లెక్కల్లో చిన్న పొరపాటు..." అని మొదలుపెట్టారు. ఆ మాటతో సరిపెట్టి ఆమెని కాపాడాలని ఆయన ఉద్దేశం. అది మా ఇద్దరికీ అర్థమైంది.

ఆమె లేచి నిలబడింది. "చిన్నది కాదండి. అది నా వల్ల జరిగింది" అని, శంఖం దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. మాట ఎక్కడా మింగలేదు. పెద్దాయన మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పారు. వాళ్ళలో ఒకాయన నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"మరి ఈ అబ్బాయి పెట్టినవి సరైనవని నీకెలా తెలుసమ్మా?"

"పుస్తకంతో సరిచూశామండి. పైగా అన్నిటికన్నా పై పొర అంటే ఇప్పటి సముద్రమే కదండి. ఇప్పటి సముద్రం వెచ్చగా ఉంది. ఆయన అట్టలు ఆ మాటే చెబుతున్నాయి."

"కింద వెచ్చగా ఉంది, ఉన్నట్టుండి చల్లబడిందంటే నువ్వు నమ్మావా?"

"నమ్మానండి. అందరం నమ్మాం." "వినడానికి బావుంది కదండి, అందుకని."

పెద్దాయన అప్పుడు నవ్వారు. మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, ఒక్కో అట్టా అడిగి తీయించుకుని, మబ్బు కమ్మేదాకా చూశారు.  స్టేషన్లో బండి కదులుతుంటే సారు భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు, మాకు వినపడలేదు.

కొన్నాళ్ళకి కాగితాలు వచ్చాయి. ప్రాజెక్టు నిలబడింది. పోస్టు ఆమెకి వచ్చింది.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. బాగా వచ్చింది. తప్పుగా పెట్టినవాళ్ళకి పోస్టు, సరిగ్గా పెట్టినవాడికి తెనాలి పాసింజరు. అక్క వంకాయ కూర వండితే కూర మీద, బావ పలకరిస్తే బావ మీద చూపించాను ఆ కోపం. ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెప్పడానికి కుదిరాను. అక్కడి కుర్రాళ్ళకి నా ముఖం చూస్తేనే లెక్కలంటే భయం పుట్టి ఉంటుంది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆమె, వాళ్ళ నాన్నగారు మా అక్కా వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నారు. అక్క కంగారుగా మజ్జిగ కలిపి తెచ్చి, వాళ్ళు మా ఇంట్లో తాగుతారో లేదోనని గుమ్మంలో ఆగింది. ఆ పెద్దమనిషే చెయ్యి చాపి గ్లాసు అందుకున్నారు.

"మీరు రావాలండి" అంది ఆమె. "ఇంకో పోస్టు ఇచ్చారు."

"ఎవరి సిఫార్సు అండి?" అన్నాను, ఇంకా బెట్టుగానే.

"నా తప్పుదండి." ఆమె నవ్వలేదు. "ఇకమీద ఏ అట్టయినా ఒకరు అంటించాలి, ఇంకొకరు చూసి తప్పు పట్టాలి, ఒక్క మనిషి లెక్క ఒప్పుకోం అని ఆ పెద్దాయన రాశారు. అలాగైతే రెండో మనిషి కావాలి కదా అని సారు గొడవపెట్టి తెచ్చారు."

అలా బాపట్ల పెంకుటింట్లో మళ్ళీ చేరి, ఆమె చేతి కిందే పనిచేసి, ఆమె చేతి మీదుగానే దండ వేయించుకుని రిటైరయ్యాను. నా జీతం, నా ఇల్లు, నా పిల్లల చదువులు, అన్నీ ఎవరో గుల్లని తలకిందులుగా పెట్టడం వల్ల వచ్చినవే. మీరు తప్పులు చేయమని నా ఉద్దేశం కాదు. తప్పు దొరికినప్పుడు దాన్ని బీరువా మీదికి తోసేయకుండా బల్ల మీద పెడితే, దాని పక్కన ఇంకో మనిషి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

నేను మళ్ళీ చేరిన రోజు పొద్దున్నే ఆమె ఒక అట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"వెతకండి" అంది.

కసిగానే వెతికాను. పొద్దంతా వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. మధ్యాహ్నం నేను అంటించిన అట్ట ఆమె తీసుకుంది. టీ వచ్చేలోగా రెండు పట్టింది.